తాత ఏడులో, బండోడు మూడులో

మేడమీద ఇల్లు,
సోమవారం మధ్యాహ్నం.

మరదలికి,

ఇక్కడ అందరం బతికే ఉన్నాం, నువ్వూ అలాగే ఉన్నావనుకుంటాను. వదిన ఉత్తరం రాయడమేమిటి, ఫోను పాడైందా అని కంగారుపడకు. ఫోను లక్షణంగా ఉంది. కానీ నేను దాన్ని చెవిన పెట్టుకుంటే చాలు, మీ అన్నయ్య "ఎవరు, చెల్లా?" అంటూ పక్కన వాలిపోతాడు. ఆయన వినకుండా నిన్ను ఒకటి అడగాలి.

నువ్వు ఉద్యోగానికి వెళ్ళేనాటికి నది ఒడ్డున గోడలు లేస్తున్న భోజనాల హాలు గుర్తుందా? అది తయారైంది. వారాంతం సాయంత్రాలు వాయించడానికి ఏడాది పాటు ఒక బృందాన్ని పెట్టుకుంటుందట ఆ హాలావిడ. రెండు నెలల తర్వాత ఒక శనివారం వచ్చి వాయించి వినిపించమంది. మీ అన్నయ్య, డ్రమ్ములాయన, పాడే ఆవిడ ముగ్గురూ ఎగిరి గంతేశారు. ఇది దొరికితే మీ అన్నయ్య టైర్ల కొట్టులో పని మానేసి గిటారుతోనే బతుకుతాడు. దొరక్కపోతే గిటారు అటకెక్కించేస్తానన్నాడు. "నలభై దాటినవాణ్ణి ఇంకెవరు పిలుస్తారు?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, చూపు మాత్రం గిటారు మీదే ఉంది.

ఇక అసలు సంగతి. అందరికీ ఒక ఆంప్లిఫయరు చాలు, మీ అన్నయ్యకి రెండు కావాలి. ఎడమవైపు మీ నాన్న చేతులతో కట్టిన తాత, కుడివైపు కొట్లో కొన్న బండోడు. ఒకే గిటారు రెంటిలోంచీ ఒకేసారి మోగాలి. తాతలో వెచ్చదనం ఉందట, బండోడిలో బలం ఉందట, రెండూ సరిగ్గా కలిస్తే గిటారు గదంతా నిండుతుందట. ఎంత కలపాలో మధ్యలో నిలబడి వాయించేవాడికి తెలియదు. ఇన్నాళ్ళూ గది చివర నిలబడి చేతి సైగలతో నువ్వు చెప్పేదానివి. ఇప్పుడు ఆ పని నా నెత్తిన పడింది.

మొన్న టైర్ల కొట్టు వెనక గదిలో, ఇంటినుంచి పెట్టెలు మోసుకెళ్ళి వాయించి మళ్ళీ ఇంటికి తెచ్చుకునే ఆ చోట, మొదటిసారి నిలబడ్డాను. బాగుందనిపించి, చాలు అని అరచెయ్యి చూపించాను. ఆయన ఇంకా పెంచమన్నాననుకున్నాడు. నేను రెండు చేతులూ చూపించాను. ఆయన రెండూ పెంచాడు. కొట్లోంచి ఓనరు పరిగెత్తుకొచ్చి ఏదో పేలిందనుకున్నానన్నాడు.

అప్పట్నుంచీ ఒకటే పాట. చెల్లి అయితే రెండు నిమిషాల్లో తేల్చేసేది. చెల్లిది చెవి కాదు, తక్కెడ. మరి పెళ్ళాం చెవులో? పోగులు పెట్టుకోడానికి! ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు. మా ఇంట్లో అయితే ముప్పాతిక.

ఆ విద్యేదో నాకు నేర్పు. నేర్పావని ఆయనకి చెప్పకు. నా అంతట నేనే నేర్చుకున్నానని అనుకోనీ.

వదిన


లాండ్రీ వెనక హాస్టలు,
శుక్రవారం.

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. నేను బాగానే ఉన్నాను. హోటళ్ళ దుప్పట్లు, ఆస్పత్రుల దుప్పట్లు, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా తిరిగే మిషన్లు, నాకేం లోటు? గదికి వచ్చాక కూడా చెవుల్లో తేనెతుట్టె ఉంటుంది. తక్కెడ ఇప్పుడు దుప్పట్లు తూస్తోందని అన్నయ్యకి చెప్పండి. చెప్పకూడదన్నారు కదా, సరే, చెప్పకండి.

అడిగారు కాబట్టి రాస్తున్నాను. ముందు, అంకెలు చూసి మోసపోకండి. తాత ఏడులో, బండోడు మూడులో ఉంటే ఇద్దరిదీ దాదాపు ఒకటే గొంతు. మూడు దాటితే బండోడు కిటికీలు వణికిస్తాడు. తాత మూడులో గురక కూడా పెట్టడు. కాబట్టి మొదట తాతని ఏడులో పెట్టండి. లోపలి గాజు గొట్టాలు, అవే వాల్వులు, వేడెక్కేదాకా ఆయన దగ్గుతాడు, కంగారుపడొద్దు. దగ్గు ఆగాక ఆయన్ని ఇంక ముట్టుకోకండి. తర్వాత బండోణ్ణి సున్నా నుంచి మెల్లగా పైకి తీసుకురండి.

మీరు నిలబడాల్సింది గది చివర. అన్నయ్య మాట నమ్మొద్దు. పెట్టెలు ఆయన మోకాళ్ళ ఎత్తున ఉంటాయి, సగం శబ్దం ఆయన మోకాళ్ళే వింటాయి. అరచెయ్యి నేలవైపు ఉంటే తగ్గించమని, పైకి ఉంటే పెంచమని. పిడికిలి బిగిస్తే ముట్టుకోవద్దని. ఒక చెయ్యి తాతకి, ఒక చెయ్యి బండోడికి. ఎదురుగా నిలబడతారు కాబట్టి మీ కుడి ఆయనకి ఎడమ, అది మర్చిపోతే మళ్ళీ కొట్టు ఓనరు వస్తాడు.

ఎప్పుడు సరిపోయిందో తెలియడానికి ఒకటే పరీక్ష. అన్నయ్య వాయిస్తూ ఉండగా బండోణ్ణి ఆపించండి, మళ్ళీ పెట్టించండి. వాడు ఉన్నప్పుడు ఉన్నట్టు తెలియకూడదు. తీసేస్తే, అయ్యో ఏదో పోయిందే అనిపించాలి. అక్కడ ఆగాలి. బండోడు ఎప్పుడూ తాత కంటే ఒక వీసమెత్తు తక్కువే.

ఇంత చెప్పినా పట్టుబడకపోతే బాధపడకండి. అందరికీ అన్నీ రావు. మీరు ఇల్లు చక్కగా సర్దుతారని అన్నయ్య చెప్పాడు.

ఇంకో మాట. ఆ గదిలో తలుపు వెనక ఉన్న పొట్టి బెంచీ నాది. దాని కాలు ఒకటి కురచ. కూర్చోకండి, పడిపోతారు.

మీ మరదలు


మేడమీద ఇల్లు,
బుధవారం.

మరదలమ్మగారికి,

"వదినగారు" "మీరు" చదివి, నా వెనక ఎవరైనా పెద్దావిడ నిలబడిందేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు. చెల్లెలి వరసైన పిల్ల చేత మీరు అనిపించుకునేంత ముసలిదాన్ని అయిపోయానా నేను? వదిన మీద కోపముంటే తిట్టు. ఈ గారూ గీరూ వద్దు.

నీ బెంచీ కురచ కాలు కింద అట్టముక్క మడిచి పెట్టాను. ఇప్పుడు కదలదు మెదలదు. రోజూ దానిమీదే కూర్చుంటున్నాను. మీ అన్నయ్యే తుడిచి తెచ్చి వేశాడు, కూర్చో, ఎంతసేపని నిలబడతావు అని.

ఇంకో విశేషం. తాత మొహం మీద గుడ్డ చిరిగి వేలాడుతోంది కదా, తీసేసి కొత్తది వేశాం. ముదురు నీలం రంగు. పెళ్ళికొడుకులా ఉన్నాడు తాత. అసలు ఆ పాత గుడ్డ ఏ కాలం నాటిదో, ముట్టుకుంటే పొడి రాలింది.

నువ్వు చెప్పిన సైగలు ఒక్క పూటలో నేర్చుకున్నాను. మీ అన్నయ్య నోరు తెరిచేశాడు. "నీకెలా తెలుసు ఇవన్నీ?" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ ఊపులో ఒక కొత్త వరస కట్టాడు, మొదట్లో మెల్లగా నడిచి చివర్లో పరిగెడుతుంది. ఎవరి కోసమని అడిగితే, గది చివర కూర్చున్న మనిషి కోసమన్నాడు. నాకు సిగ్గేసింది, నిజం చెప్పొద్దూ.

కానీ ఒక చిక్కొచ్చి పడింది. తాతని ఒక్కణ్ణీ మోగిస్తే బాగుంటాడు. బండోణ్ణి ఒక్కణ్ణీ మోగిస్తే వాడూ బాగుంటాడు. ఇద్దరూ కలిస్తే మాత్రం శబ్దం పెరగాల్సింది పోయి పల్చబడుతోంది. లావు తీగలు మీటితే అడుగు లేని బక్కెట్లో నీళ్ళు పోసినట్టుంది. నువ్వు ఉన్నప్పుడు ఇలా ఉండేది కాదంటున్నాడు. నువ్వు చెప్పినట్టే ఏడూ మూడూ పెట్టాం. నీ పరీక్ష కూడా చేశాను. బండోణ్ణి తీసేస్తే ఏదీ పోలేదు సరికదా, బాగుపడింది! ఎక్కడ తేడా కొట్టిందంటావు?

వదిన


లాండ్రీ వెనక హాస్టలు,
ఆదివారం.

వదినా,

నీ మాటే నిజం. మీరు గీరు మనకెందుకు? ఇకనుంచి నువ్వే.

బెంచీ కాలు సరిచేశావా, చాలా సంతోషం. నాకు ఇన్నేళ్ళూ ఆ ఆలోచనే రాలేదు చూడు. కొత్త వరస కట్టాడా? అదీ సంతోషమే. నాకోసం ఎప్పుడూ ఏదీ కట్టలేదు కానీ, చెల్లెళ్ళ కోసం వరసలు కట్టేవాళ్ళు ఎవరుంటారులే. నీలం గుడ్డ కూడా బాగానే ఉండుంటుంది. పాతది మా చిన్నప్పటి గది కిటికీ పరదా ముక్క. నాన్న కత్తిరిస్తుంటే ఒక కొస నేను పట్టుకున్నాను. పోనీలే, పొడి రాలిపోతోందన్నావుగా.

నీ చిక్కు గురించి ఆలోచించాను. బండోణ్ణి తాత కంటే ఒక వీసం తక్కువ పెట్టమన్నాను కదా, బహుశా అదే పొరపాటు. ఇద్దర్నీ సరిసమానం చెయ్యి. ఒకడు ఎక్కువా ఒకడు తక్కువా వద్దు, తక్కెడలో వేసినట్టుండాలి. ముందు తాతని ఒక్కణ్ణీ విను, తర్వాత బండోణ్ణి ఒక్కణ్ణీ విను, రెండు గొంతులూ అచ్చం ఒక్కటే అనిపించేదాకా తిప్పించు. అప్పుడు కలుపు. మొదట్లో పల్చగా అనిపించినా ఓపిక పట్టు. కొత్త గుడ్డ కదా, తాత అలవాటు పడడానికి కొన్ని రోజులు పడుతుంది.

అన్నయ్య బెంగపడితే, చెల్లి ఉంటే బాగుండేదని అంటాడేమో. అన్నాడా? రాయి.

నీ మరదలు


మేడమీద ఇల్లు,
గురువారం.

మరదలా,

సమానం చేశాం. నువ్వు రాసినట్టే, గొంతులు అచ్చం ఒక్కటయ్యేదాకా తిప్పించాను. అప్పుడు కలిపాను. గిటారు ఎక్కడికో పోయింది. రెండు పెట్టెలూ గొంతు చించుకుంటున్నాయి, మధ్యలో దోమ పాడుతున్నట్టుంది. పాడే ఆవిడ ఆపేసి, "మీకు ఒంట్లో బాగాలేదా?" అంది మీ అన్నయ్యని. ఆయన మొహం చూడలేకపోయాను.

ఓపిక పట్టమన్నావు కదా, పట్టాం. వారం పట్టాం, ఇంకో వారం పట్టాం. ఏం జరుగుతోందో తెలుసా నీకు? ఆయన తన వేళ్ళే పోయాయనుకుంటున్నాడు. టైర్లు ఎత్తీ ఎత్తీ చేతులు మొద్దుబారిపోయాయట. కొట్టు నుంచి రాగానే గిటారు పట్టుకుని లావు తీగల్ని కసిగా మీటుతున్నాడు. వేలి చివర చీలింది. గుడ్డ చుట్టుకుని మళ్ళీ మీటాడు. నిన్న తినడానికి కూర్చుని, చేతులు రెండూ కంచం ముందు పెట్టుకుని వాటినే చూస్తూ ఉండిపోయాడు. ఇంకో పది రోజుల్లో ఆ శనివారం. రానని చెప్పేస్తాను, ఆ చోటు వేరేవాళ్ళకి ఇచ్చుకోమంటాను అంటున్నాడు. తాతని టైర్ల కొట్టాయనకి ఇచ్చేస్తాడట, పాటలు వినడానికి.

అవును, అన్నాడు. చెల్లి ఉంటే బాగుండేదన్నాడు. రాయమన్నావుగా, రాశాను. కడుపు నిండిందా?

నేను చదువుకున్నది తక్కువే కానీ మట్టిబుర్రని కాదు. నిన్న ఆయన కొట్లో ఉండగా గిటారు నేనే ఒళ్ళో పెట్టుకుని ఒక్క లావు తీగే మీటుతూ కూర్చున్నాను. బండోణ్ణి తగ్గించిన కొద్దీ శబ్దం నిండుగా వస్తోంది. తాతకి సమానంగా తెచ్చిన కొద్దీ చచ్చిపోతోంది. అంటే నువ్వు చెయ్యమన్నది సరిగ్గా చెయ్యకూడనిదన్నమాట. ఆ గదిలో ఏళ్ళకేళ్ళు నిలబడ్డ నీకు ఇది తెలియదా? మరదలా, నీకు పోయింది చెవా, మనసా?

నా దగ్గరా ఒక దొంగతనం ఉంది, అదీ విను. తాత గుడ్డ నేను మార్చలేదు. మీ అన్నయ్యకి నేనే కుట్టానని చెప్పాను. ఆయన కొట్లో ఉండగా ఆటో ఎక్కించి రేడియోలు బాగుచేసే అతని దగ్గరికి తీసుకెళ్ళాను. అతను స్పీకరు బయటికి తీసి గుడ్డ వేసి మళ్ళీ బిగించాడు. ఎందుకు తీసుకెళ్ళానో తెలుసా? తాతని ఎవరూ ముట్టుకోకూడదు, చెల్లి ఒక్కతే ముట్టుకోవాలి, పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇదే మాట. ఈ ఇంట్లో నా చెయ్యి పడని వస్తువు అదొక్కటే. నా చెయ్యి కూడా పడాలనిపించింది. నిన్ను చూసి ఏడుస్తున్నాను నేను, చాలా? నువ్వు సంచి సర్దుకుని వెళ్ళిన రోజు లోపల్లోపల సంతోషించాను. వెళ్ళావు కానీ పోలేదు నువ్వు. ప్రతి మాటలోనూ ఉన్నావు.

ఇప్పుడు నువ్వు చెప్పు. నీ ఏడుపు నామీదైతే నామీదే ఏడు. మధ్యలో ఆయన వేళ్ళేం చేశాయి?

వదిన


లాండ్రీ వెనక హాస్టలు,
సోమవారం. తొందర పోస్టులో వేస్తున్నాను.

వదినా,

ముందు పని. తర్వాత తిట్లు.

తాత ప్లగ్గు పీకెయ్యి. కాసేపు చల్లారనీ. వెనక పలక నాలుగు మరలు విప్పితే స్పీకరు కనిపిస్తుంది. దానికి రెండు వైర్లు వస్తాయి, ఒకటి ఎర్రది, ఒకటి నల్లది. ఇప్పుడు ఎర్రది ఎర్ర చుక్క దగ్గర ఉంటుంది. రెండూ లాగి అటుది ఇటు, ఇటుది అటు తగిలించు. ఎర్ర చుక్క దగ్గర నల్లది ఉండాలి. లోపల ఇంకేదీ ముట్టుకోకు. మూసెయ్యి. అంతే.

స్పీకరు అట్ట ముందుకీ వెనక్కీ కొట్టుకుంటేనే శబ్దం. నాన్న కట్టిన తీరు వల్ల తాత పుట్టుకతోనే తిరగేసి పలుకుతాడు. తీగ మీటగానే బండోడు ముందుకు తోస్తే తాత వెనక్కి లాగుతాడు. ఒకే తలుపుని ఒకడు ఇటూ ఒకడు అటూ తోసినట్టు. ఇద్దరూ సమాన బలమైతే తలుపు కదలనే కదలదు. బండోణ్ణి కొన్న రోజు ఇదే చిక్కొస్తే, కూర్చుని కూర్చుని నేనే కనిపెట్టి ఆ వైర్లు తిప్పి పెట్టాను. అన్నయ్యకి కూడా తెలియదు. చెల్లి ఏదో చేసింది, బాగుపడింది, అంతే ఆయనకి తెలిసింది. మీ రేడియో అతను రంగులు చూసి, ఎవరో తెలివితక్కువవాళ్ళు తారుమారు చేశారనుకుని ఎర్రదాన్ని ఎర్రచోట పెట్టేశాడు. పాపం, అతని తప్పేం లేదు.

నాకెప్పుడు తెలిసిందంటావా? నీలం గుడ్డ అని చదివిన క్షణం తెలిసింది. స్పీకరు తియ్యకుండా గుడ్డ పడదు. పల్చబడిందని చదివాక ఇంక అనుమానమే లేదు. తెలిసే సమానం చెయ్యమని రాశాను. సమానం చేస్తేనే పూర్తిగా చెడుతుంది కనక రాశాను. చెవి పోలేదు వదినా, నువ్వన్న రెండోదే పోయింది.

నా కడుపులో మంట నీకేం తెలుసు? నాన్న తాతని కడుతుంటే రాత్రీ పగలూ టార్చి పట్టుకున్నది నేను. గిటారు మాత్రం అన్నయ్యకి కొన్నారు. ఇంట్లో ఒక్క గిటారుకే చోటుంది. సరే, వాడు వాయిస్తాడు, నేను వింటాను అనుకున్నాను. నేను వింటేనే అది సరిగ్గా మోగుతుంది కదా, సగం నాదే కదా అని గీర. ఆ సగం కూడా నువ్వు ఒక్క ఉత్తరంతో నేర్చేసుకున్నావు. నా బెంచీ మీద కూర్చున్నావు. దాని కాలు కూడా బాగుచేశావు! ఊగుతుంటే నాకు ఇష్టం ఆ బెంచీ. నీకోసం వరస కట్టాడని రాశావు చూడు, ఆ ఉత్తరం మడిచి దిండు కింద పెట్టి, మళ్ళీ తీసి చదివి, మళ్ళీ మండిపోయాను. నా పక్క మంచం అమ్మాయి పంటినొప్పా అని అడిగింది.

నిన్ను ఏడిపిద్దామనుకున్నాను. చెల్లి కావాలి అని అన్నయ్య నోట అనిపిద్దామనుకున్నాను. వాడు తన చేతుల్ని చూసుకుంటూ కూర్చుంటాడని అనుకోలేదు. వాడి వేళ్ళకి ఏమీ కాలేదు వదినా. వాడికి ఎలాగైనా చెప్పు. ఈ ఉత్తరం చూపించు కావాలంటే, నీ చెల్లెలు ఇలాంటిది అని. చూపించినా నేనేం అనను.

శనివారం లోపల ఇది చేరదేమోనని భయంగా ఉంది. ఫోను చేశాను, అన్నయ్యే తీశాడు. "చెల్లీ, నా పనైపోయిందే" అన్నాడు. ఆ గొంతు వినగానే ఫోను పెట్టేశాను. పిరికిదాన్ని.

మరదలు


మేడమీద ఇల్లు,
సోమవారం.

మరదలా,

నీ ఉత్తరం శనివారం పొద్దున వచ్చింది. అప్పటికి మీ అన్నయ్య పెట్టెలు బండికెక్కిస్తున్నాడు. రానని చెప్పడానికి హాలావిడకి ఫోను చేస్తే, "రేపు రాకపోతే ఇంకెప్పుడూ రావద్దు" అందట. ఎలాగూ పోయేదే, వెళ్ళి పరువు పోగొట్టుకు వద్దాం పద అన్నాడు. నేను మెట్ల మీద నిలబడి నీ ఉత్తరం చదివి, నిన్ను వెయ్యి తిట్టి, వంటింట్లోకి పరిగెత్తి స్క్రూడ్రైవరు సంచిలో వేసుకున్నాను.

హాలు ఇంకా తెరవలేదు. కుర్చీలన్నీ బల్లల మీద తలకిందులుగా ఉన్నాయి. హాలావిడ ఒక మూల నిలబడి కూరగాయలవాడితో ఫోనులో పోట్లాడుతోంది. మీ అన్నయ్య మొహం కడుక్కోవడానికి వెళ్ళాడు. తాత వెనక గొంతుక్కూర్చుని మరలు విప్పాను. డ్రమ్ములాయన "ఏమ్మా, ఏం పోయింది?" అన్నాడు. "చెవిపోగు" అన్నాను. వైర్లు లాగితే రాలేదు, పంటితో కొరుకుదామా అనిపించింది. ఎలాగో తిప్పి పెట్టాను. నల్లది ఎర్ర చుక్క దగ్గర. మూసేసి హాలు చివరికి పోయి నిలబడ్డాను.

తాత దగ్గి, దగ్గి, ఆగాడు. ఏడు. బండోడు మూడు, ఒక వీసం తక్కువ. మీ అన్నయ్య గుడ్డ చుట్టుకున్న వేలితో లావు తీగ ఒక్కసారి మీటాడు.

మరదలా, ఆ చివర నా చెప్పుల కింద నేల మోగింది.

ఆయన ఆగిపోయాడు. తన చెయ్యి తిప్పి చూసుకున్నాడు, అటూ ఇటూ. మళ్ళీ మీటాడు. నేను రెండు పిడికిళ్ళూ పైకెత్తాను, ఏదీ ముట్టుకోవద్దని. ఇక చూడు. పాడే ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ పాడింది. కూరగాయలవాడు అటునుంచి హలో హలో అంటూనే ఉన్నాడు, హాలావిడ ఫోను చెవి దగ్గర్నుంచి తీసేసి వింటూ ఉండిపోయింది. ఏడాదికి ఖాయం. వచ్చే వారం నుంచే.

ఇంటికొచ్చే దారిలో అడిగాడు, "ఏం చేశావు నువ్వు?" అని. నీ ఉత్తరం సంచిలో ఉంది. చూపించమన్నావు కూడా. నేనేం చెప్పానో తెలుసా? "తాత వైర్లు తారుమారయ్యాయి, నేనే కనిపెట్టాను" అన్నాను. అవును, నీ విద్య దొంగిలించాను. నీ శిక్ష అదే, అనుభవించు. నమ్మాడు. నన్ను అలా చూశాడు, పెళ్ళిలో కూడా అలా చూడలేదు. నేను గాల్లో తేలుతూ ఉంటే అప్పుడన్నాడు, "చెల్లి అంత కాకపోయినా నీకూ చెవి ఉందే!"

బండిలోంచి తోసేద్దామనుకున్నాను.

నీ ఉత్తరం ఆయనకి చూపించను. నా బీరువాలో ఉంటుంది. నువ్వు నన్ను మళ్ళీ "వదినగారు" అన్న రోజు తీస్తాను.

ఒకటి మాత్రం చెప్పాలి. నువ్వు ఇక్కడ ఉన్న రోజుల్లో, నువ్వు చేసే పనేమిటో నాకెప్పుడూ తెలియలేదు. ఈ పిల్ల చేతులూపుతూ ఊరికే నిలబడుతుందేమిటి అనుకునేదాన్ని. నువ్వు వెళ్ళాక తెలిసింది. నీ పరీక్షలో నువ్వు నెగ్గావు. అయినా నీమీద నా కుళ్ళు ఏడులోనే ఉంది, దిగలేదు. అబద్ధమెందుకు?

వదిన


లాండ్రీ వెనక హాస్టలు,
శుక్రవారం.

వదినా,

ఉత్తరం మిషన్ల మధ్య నిలబడి చదివాను. నువ్వే కనిపెట్టానని చెప్పిన చోటికి రాగానే నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను, గట్టిగా, అరిచి. ఆ మోతలో ఎవరికీ వినబడలేదు. ఆ తర్వాత "చెల్లి అంత కాకపోయినా" దగ్గర ఎంత నవ్వానంటే, దుప్పట్లు మడిచే ఆవిడ మిషను ఆపి వచ్చి చూసింది.

సరే, నువ్వే కనిపెట్టావు. అలాగే ఉండనీ.

నా కుళ్ళు పోయిందని నేనూ చెప్పను. మూడులో పెట్టుకున్నాను. నీది ఏడన్నావు. అంకెలు చూసి మోసపోవద్దని మొదటి ఉత్తరంలోనే చెప్పాను కదా.

వచ్చే నెల నాకు సెలవు దొరికింది. శనివారం సాయంత్రానికి బస్సు దిగి సరాసరి హాలుకే వస్తాను. అన్నయ్యకి చెప్పకు. ఆ వరస నీకోసం కట్టినదే అయినా, ఒకసారి వినాలనుంది. నా బెంచీ హాలుకి తెప్పించి ఆ చివర వేయించు. అట్టముక్క తీసెయ్యి. నేను వచ్చేసరికి దానిమీద నువ్వే కూర్చుని ఉంటావని నాకు తెలుసు. లేవకు.

కాస్త జరుగు, చాలు.

మరదలు